తల కింద పెట్టని మన్ను

పిడికెడు మన్ను. అంతే. పాత గుడ్డ ముక్కలో కట్టిన, దోసిలి కూడా నిండని ఎర్రమన్ను. దాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. చర్చి అయ్యగారి దగ్గర చెప్పలేదు. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడు కూడా ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి పక్కకు తప్పుకుని, నా తప్పులన్నీ క్షమించు ప్రభువా అని గుంపగుత్తగా అనేసి లేచిపోయేదాన్ని. గుంపగుత్తగా అంటే ఆ ఒక్కటీ అందులో కలిసి కొట్టుకుపోతుందనుకున్నాను కాబోలు. పోలేదు.

మీకెందుకు చెబుతున్నాను? మీరెవరో నాకు తెలియదు కనక. రేపు పొద్దున్న కూరల బండి దగ్గర మీరు నాకు ఎదురుపడరు కనక. నన్ను ఓదార్చవద్దు. ఓదార్చేవాళ్ళు నాకు ఇంటినిండా ఉన్నారు. వాళ్ళకు విషయం తెలియదు, అందుకే ఓదారుస్తారు.

అప్పటికి మా రాష్ట్రం కొత్తది. స్కూటర్ల నంబరు పలకల మీద ఎం.పి. అక్షరాలు చెరిపించి సి.జి. అని రాయించుకుంటున్న రోజులు. మేం భిలాయిలో, ఖుర్సీపార్‌లోని ఉక్కు ప్లాంటు క్వార్టర్లో ఉండేవాళ్ళం. మా ఆయన కోక్ ఓవెన్లో పని చేసేవారు. ఇంట్లో మేమిద్దరం, మా పాప, మా అత్త, మా ఆయన అక్క కరుణ వదిన. వదిన ఆస్పత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, డ్యూటీలకే టైము చాలడం లేదు, మొగుడెక్కడ అని నవ్వేసేది. పుట్టిందీ పెరిగిందీ భిలాయిలోనే కావడంతో సగం మాట హిందీలో మొదలై తెలుగులో పూర్తయ్యేది.

నాకు చేతిపని వచ్చు. ఇది గొప్పకు చెప్పడం లేదు. సరే, అప్పట్లో గొప్పకే చెప్పుకునేదాన్ని. పెళ్ళికి ముందు విశాఖలో కుట్టుపని నేర్చుకున్నాను. ఇక్కడికి వచ్చాక మా తెలుగు చర్చి సంఘంలో క్రిస్మస్ నక్షత్రాలు, పెళ్ళి బండి పూలు, బల్ల మీద వేసే గుడ్డల అంచులు, అన్నీ నా చేతికే వచ్చాయి. వాటితో పాటే ఇంకో పని కూడా వచ్చింది. పెట్టెలకు గుడ్డ వెయ్యడం.

శవాన్ని ఉంచే పెట్టె. మాలో ఎవరైనా పోతే తయారుగా ఉన్న పెట్టె కొని తెచ్చేవాళ్ళం కాదు. సాహు అనే వడ్రంగి ఉండేవాడు. ప్లాంటుకు మిషన్లు వచ్చిన పెట్టెల చెక్కలు ఎక్కడెక్కడివో తెచ్చుకుని, వాటితో వట్టి పెట్టె కొట్టి తోపుడు బండి మీద పంపించేవాడు. చిత్రిక కూడా పట్టేవాడు కాదు. మీరు గుడ్డ వేసేస్తారు కదా భాభీ, ఇంక చిత్రిక ఎందుకనేవాడు. ఆ పెట్టెను పోయినవాళ్ళ ఇంటి వాకిట్లోనే రెండు బల్లల మీద పెట్టి, సంఘం ఆడవాళ్ళు దానికి గుడ్డ వేస్తారు. పైన ఊదారంగు గుడ్డ. లోపల దూది పరిచి, దాని మీద తెల్ల సాటిన్. అంచు చుట్టూ లేసు. మూత మీద వెండి రంగు రిబ్బనుతో సిలువ. ఆ పని చావింట్లోనే జరగాలి, ఆ ఇంటివాళ్ళ చెయ్యి ఒకటి అందులో పడాలి. అది మా పద్ధతి.

నేను చేరక ముందు గుడ్డను ఏదో సాగదీసి మేకులు కొట్టేసేవాళ్ళు. నేను సాటిన్‌కి కుచ్చిళ్ళు పెట్టడం మొదలుపెట్టాను. సన్నగా, వరసగా, మేకు తల కనపడకుండా. దిండు చుట్టూ ఝాలరు అంచు. చావింట్లో మెప్పు ఏమిటని మీరనుకుంటారు. ఉంటుందండీ. కళ్ళు తుడుచుకుంటూనే, ఎంత బాగా వేసిందమ్మా, పూలపాన్పులా ఉంది అంటారు. ఆ మాట చెవిన పడగానే నాకు ఒళ్ళు తేలికయ్యేది. ఎవరు పోయారన్నది కూడా ఒక్క క్షణం మరిచిపోయేదాన్ని. ఇది కూడా తప్పేనా? ఇదే అసలు తప్పేమో. మిగిలినదంతా దీనికి కాసిన కాయేమో.

మా అత్తకు ఇవేవీ పట్టేవి కాదు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచి నేను కుట్టిన ఒక్క కర్టెన్‌ని ఆమె బాగుందని అనలేదు. బాగా లేదని కూడా అనలేదు. అదే ఎక్కువ మండేది నాకు. ముతక చీర, చేతికి రెండు గాజులు, ట్రంకు పెట్టెలో బైబిలు, ఆ బైబిలు కింద ఒక మూట. అదీ ఆమె ఆస్తి.

ఆ మూట కథ చెప్పాలి. అత్త మొదటి బిడ్డ మగపిల్లాడు. శ్రీకాకుళం వైపు వాళ్ళ ఊళ్ళో పుట్టాడు. గోడ పట్టుకుని నడిచే వయసులో జ్వరం వచ్చి పోయాడు. ఊరి చివర ఎక్కడో ఒక మూల పూడ్చారు. గుర్తుకు రాయి కూడా లేదు. ఆ తరువాత మామకు భిలాయిలో ఉద్యోగం వచ్చింది. బండెక్కే ముందు అత్త ఒక్కతే వెళ్ళి, పిల్లాణ్ణి పెట్టిన చోట పిడికెడు మన్ను తీసి, వాడి పాత చొక్కా చింపి అందులో కట్టుకుని వచ్చింది. దారి పొడుగునా ఆ మూట ఒళ్ళోనే పెట్టుకుందట. వదిన, మా ఆయన ఇక్కడ పుట్టారు. మామ ఇక్కడే పోయారు. ఆ మూట మాత్రం అలాగే ఉంది. ఏటా ఎండాకాలం ఎండుమిరపకాయలు ఎండబెట్టేటప్పుడు ఆ మూటను కూడా చాప మీద ఒక మూల పెట్టేది. చెమ్మ పట్టకూడదట. కాకి వస్తే తోలడానికి నన్ను కూర్చోబెట్టేది. కాకి మన్ను తింటుందా అని నేను లోపల విసుక్కునేదాన్ని.

ఆమెకు ఒంట్లో బాగా లేదని తెలిశాక ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి మంచం పక్కన కూర్చోమంది. వదిన డ్యూటీకి వెళ్ళింది. మూట తీసి నా చేతిలో పెట్టింది.

"నాకు వట్టి పెట్టె చాలమ్మా. నీ లేసులూ గీసులూ ఏటీ ఒద్దు. ఆ సాహు ఎలాగ కొట్టి ఇస్తే అలాగే పెట్టీయండి. ఇది మాత్రం నా తల కింద పెట్టు. నువ్వే పెట్టాల. కరుణకైతే ఏడుపొచ్చీసి మర్చిపోద్ది. నువ్వు గట్టిదానివి."

నువ్వు గట్టిదానివి. ఆమె నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. అది నాకు ఆ రోజు వినపడలేదు. లేసులూ గీసులూ అన్న మాట వినపడింది. ఊరంతా మెచ్చుకునే పని ఈవిడకు గీసులట. తల కింద మూట పెట్టమన్న మాటకన్నా అదే నా మనసులో నిలబడిపోయింది. చూశారా నేను ఎలాంటిదాన్నో?

అత్త వానలు పడుతున్న రోజుల్లో పోయింది. పెద్దగా బాధపడలేదు. వదిన చెయ్యి పట్టుకునే పోయింది. అత్త తమ్ముడు విజయనగరంలో ఉన్నాడు. ఆయనకు ఫోన్ చేశారు. ఆయన మర్నాడు మధ్యాహ్నానికి దిగుతాడు, దిగాక సమాధి చేద్దామని అయ్యగారు అన్నారు. మంచుగడ్డలు తెప్పించి శవాన్ని ముందుగదిలో పెట్టారు. మర్నాడు పొద్దున్నే సాహు పెట్టె పంపించాడు.

పెట్టెను పెరటి వసారాలో బల్లల మీద పెట్టించాను. వట్టి పెట్టె. ఒక పలక మీద నల్లరంగుతో రాసిన ఏదో అక్షరాల సగం ముక్క ఇంకా కనపడుతోంది. వట్టి పెట్టె చాలంది అత్త. నేనేం చేశానో తెలుసా? ఊదారంగు గుడ్డ, సాటిన్, వెడల్పాటి లేసు, మామూలుగా తెచ్చేవాటికన్నా మంచివి తెప్పించాను. మా సొంత ఇంటి పెట్టె కదా. సెక్టర్ 4 నుంచి సంఘం పెద్దలు వస్తారు, ఇంజనీర్ల భార్యలు వస్తారు. అందరి పెట్టెలకూ ముస్తాబు చేసి సొంత అత్త పెట్టెను వట్టిగా వదిలేసిందంటే నన్ను ఏమనుకుంటారు? అత్త మాటను గౌరవించానని అనుకునేవాళ్ళేమో. ఆ ఆలోచన నాకు రానే లేదు.

పక్క క్వార్టర్ మేరీ అక్క మేకులు అందిస్తోంది. నేను పనిలో పడ్డాను. దూది పరిచాను. మూట మరిచిపోలేదు సుమా. అది చెప్పుకోవాలి. మరిచిపోయి ఉంటే నాకు ఇంత బాధ లేదు. తల వచ్చే చోట దూదిలో చిన్న గుంట చేసి మూటను అందులో పెట్టాను, పైన సాటిన్ పరిచాను, దాని మీద ఝాలరు దిండు. అంచు పొడుగునా కుచ్చిళ్ళు పెట్టుకుంటూ వచ్చి, తల దగ్గర చివరి మేకు కొట్టి, ఒక అడుగు వెనక్కి వేసి చూశాను. నా జన్మలో అంత బాగా ఏ పనీ చెయ్యలేదు.

దిండు మాత్రం ఒక పక్కకు ఒరిగి ఉంది. సర్దాను. మళ్ళీ ఒరిగింది. కింద మూట. చేత్తో నొక్కి చదును చెయ్యబోయాను. నొక్కకుండా ఉండవలసింది. ఎన్నేళ్ళనాటి గుడ్డో, నా చేతి కిందే పిగిలిపోయింది. దిండు ఎత్తి చూసేసరికి కిందనుంచి పొడి ఎక్కి తెల్ల సాటిన్ మీద ఎర్రటి మరక. దులిపాను. పాకింది. తడి గుడ్డ పెట్టాను. ఇంకా పాకింది. మేరీ అక్క నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది, చూడలేదు.

నాకు ఏడుపొచ్చింది. అత్త పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆ మరక చూసి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

గబగబా ఆ పక్క మేకులు పీకాను. మూట తీశాను. చిరిగిన గుడ్డతో సహా ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి, వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక పెట్టి వచ్చాను. ఇంకా సాటిన్ మిగిలి ఉంది. ఆ ముక్క మార్చి మళ్ళీ కుచ్చిళ్ళు పెట్టాను. శవాన్ని పెట్టెలో పెట్టేటప్పుడు కవరు తెచ్చి తల కింద పెట్టేద్దాం, అప్పుడైతే తల బరువుకు అణిగి ఉంటుంది, ఎవరికీ కనపడదు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఇప్పుడు మిమ్మల్ని నమ్మించడానికి చెబుతున్న మాట కాదు. లేక ఇన్నేళ్ళుగా నన్ను నేను నమ్మించుకుంటున్న మాటా? ఏమో. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి నా జ్ఞాపకం మీద నాకే నమ్మకం లేదు.

అత్త తమ్ముడు దిగాడు. దిగుతూనే ఒక్కటే ఏడుపు. జనం నిండిపోయారు. మగవాళ్ళు పెట్టెను ముందుగదిలోకి మోసుకెళ్ళారు. నేను వంటింటివైపు తిరిగేలోపే సెక్టర్ 4 నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా రెండు చేతులూ పట్టుకుంది. కూతురు కూడా ఇంత చెయ్యదమ్మా అంది. ఆ కుచ్చిళ్ళను వేలితో తడిమి చూసింది. నేను నిలబడిపోయాను. ఆ మాట పూర్తిగా వినాలని నిలబడ్డాను. అది విని తిరిగి చూసేసరికి అత్తను పెట్టెలో పడుకోబెట్టేశారు. పాట మొదలైంది.

పాటలు అయ్యాయి. బైబిలు వాక్యం చెప్పడం అయింది. ఇంకెవరైనా ఆఖరుసారి చూసేవాళ్ళుంటే చూడండని అయ్యగారు అన్నారు. ఒక్కొక్కరే వచ్చి చూస్తున్నారు. వంటిల్లు ఎంత దూరం? మధ్యలో ఒక గుమ్మం. నేను వెళ్ళి ఆ కవరు తెచ్చి, అత్త తల ఎత్తి పెట్టవచ్చు. కానీ అందరి కళ్ళూ అక్కడే ఉన్నాయి. అదేమిటని అడుగుతారు. ముందే ఎందుకు పెట్టలేదని అడుగుతారు. కుచ్చిళ్ళు పాడవుతాయని తీసేశానని చెప్పాలి. ఇంతమంది ముందు ఆ మాట నా నోటితో అనాలి. నేను వెళ్ళలేదు. గట్టిదాన్నట నేను.

అప్పుడు వదిన నా పక్కకు వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. మూట సంగతి అత్త ఆమెకూ చెప్పినట్టుంది, నా చెవి దగ్గరగా వంగి అడిగింది.

"అమ్మ మూట పెట్టీసావా?"

"పెట్టీసాను వదినా."

"తల కిందేనా?"

"తల కిందే. దిండు కింద, దూదిలో."

"బస్. ఇంకేటి కావాల దానికి. అన్నయ్యతో ఎల్తాది."

అంతే. ఆమె నా భుజం మీద తల పెట్టింది. సాహు మూత దించి మేకులు కొట్టాడు. ఒక్కొక్క దెబ్బకూ ఆగండి అనాలనుకున్నాను. నన్ను ఎవరూ ఆపలేదు. నేనే అనలేదు. మూట తీసినప్పుడు చేసింది తొందరపాటు అనుకోవచ్చు. పెట్టీసాను అన్నాను చూడండి, అదీ పాపం.

సమాధుల తోటలో ఇంకొకటి ఉంది. పెట్టెను గోతిలోకి దించాక అందరూ తలా పిడికెడు మన్ను వెయ్యాలి. మీరు చూసే ఉంటారు. నా వంతు వచ్చింది. వంగి మన్ను తీసుకున్నాను. వాన తడికి జిగటగా ఉన్న భిలాయి మన్ను. అప్పుడు తట్టింది నాకు. ఆ కవరు నా కొంగులో దాచుకుని తెచ్చి ఉంటే! ఈ పిడికెడు బదులు ఆ పిడికెడు వేసి ఉంటే! తల కింద కాకపోయినా, పెట్టె మీద పడేది. ఎవరూ అడిగేవారు కాదు. అందరూ మన్నే వేస్తున్నారు కదా. ఇంత సులువైన దారి ఉండి, అది నాకు గోతి అంచున నిలబడ్డాక తోచింది. వెనక ఉన్నవాళ్ళు, వెయ్యమ్మా, వెయ్యి అంటున్నారు. వేశాను.

సరే, తరువాత ఒక్కదాన్నే వెళ్ళి సమాధి మీద పోసి వద్దామనుకున్నాను. ఇంటినిండా చుట్టాలు. ఎక్కడికని అడక్కుండా గడప దాటనివ్వరు. మూడో రోజు ప్రార్థనకు ఇల్లు శుభ్రం చేస్తూ వదిన వంటింట్లోకి వచ్చింది. బియ్యం డ్రమ్ము జరపడానికి వంగింది. నువ్వు వెళ్ళు వదినా, ఇది నేను చూస్తానని ఆమెను ముందుగదిలోకి పంపేశాను. కవరు తీసుకుని పెరట్లోకి పరుగెత్తాను. గోడవారగా నందివర్ధనం మొక్క ఉంది. దాని మొదట్లో కుమ్మరించేశాను. చొక్కా ముక్కను సిగ్డీ కుంపట్లో పడేశాను. బొగ్గుల మీద అది భగ్గున కూడా మండలేదు. ముడుచుకుని నల్లబడింది.

ఎందుకు కుమ్మరించాను? కవరును మొక్క వెనక దాస్తే సరిపోయేది కదా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. దొరికిపోతానన్న భయం ఒకటే ఉంది అప్పుడు. ఇంకేదీ లేదు. ఆ భయం నా చేత పనులన్నీ చేయించింది, నేను చూస్తూ ఉన్నాను.

ఆ సాయంత్రమే వాన పడింది. మర్నాడు వెళ్ళి చూశాను. ఆ పెరట్లో మన్ను, ఏళ్ళ తరబడి సిగ్డీ బూడిద పోసి పోసి నల్లబడిపోయిన మన్ను. ఎర్రమన్ను ఏదీ? వేలితో కెలికాను. ఏది వాడు, ఏది బూడిద? అత్త అంత దూరం ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న బిడ్డ మా పెరటి కాలవలో కొట్టుకుపోయాడు.

ఆ తరువాత ఏళ్ళు ఎలా గడిచాయో చెప్పడం అనవసరం. మామూలుగానే గడిచాయి. అదే నాకు ఆశ్చర్యం. తిన్నాను, నిద్రపోయాను, పాపకు జడలు వేశాను. పెట్టెలకు గుడ్డ వెయ్యడం మాత్రం మానేశాను. కళ్ళు మసకేస్తున్నాయని చెప్పాను. అత్త పోయాక పాపం ఆ పని మీద మనసు రావడం లేదని జనమే ఇంకో మంచి కారణం వెతికి పెట్టారు. ఏటా ఈస్టరు తెల్లవారుజామున అందరం సమాధుల తోటకు వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తాం. వదిన ప్రతి ఏడూ రెండు వెలిగిస్తుంది. ఒకటి అమ్మకు, ఒకటి అన్నయ్యకు. ఆమె చూడని అన్నయ్యకు. రెండో కొవ్వొత్తి గాలికి ఆరిపోతే నా చేత్తోనే అడ్డు పెట్టి మళ్ళీ వెలిగించాను. ఆ చేత్తోనే.

ఒకసారి బాగుచెయ్యాలని చూశాను. అది కూడా చెబుతాను. శ్రీకాకుళం వైపు చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళినప్పుడు, తలనొప్పి అని చెప్పి అందరినీ పంపేసి, ఆటో కట్టించుకుని అత్త వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆ పిల్లాణ్ణి పెట్టిన చోట ఇంకో పిడికెడు మన్ను తేవాలని. తెచ్చి సమాధిలో గుంట తీసి పెట్టాలని. ఊరి చివర రోడ్డు వెడల్పు చేశారు. పిల్లల్ని పూడ్చే చోటు సగం రోడ్డు కింద పోయింది. మేకలు కాస్తున్న ఒక ముసలమ్మను అడిగాను.

"ఏ పిల్లోడమ్మా? ఇక్కడ ఎందరు పిల్లల్ని పెట్టీనారో. ఎవులికి తెలుస్తాది? ఆ తల్లికే తెలవాల."

ఆ తల్లికే తెలియాలి. ఆ తల్లికి తెలిసిన చోటును నేను బూడిదలో పోశాను. రోడ్డు పక్కన వంగి ఏదో ఒక మన్ను తీసుకోబోయాను. అదే ఎర్రరంగు. ఎవరికి తేడా తెలుస్తుంది? చేతిలోకి తీసుకుని కూడా వదిలేశాను. ఇంకో అబద్ధం ఆడే ఓపిక నాకు లేకపోయింది. మంచితనం కాదు, ఓపిక లేకపోవడమే.

మా ఆయన రిటైరయ్యాక క్వార్టరు అప్పగించి వైశాలి నగర్‌లో ఇల్లు తీసుకున్నాం. ఒకసారి ఆ పాత క్వార్టరు ముందునుంచి వెళ్తూ లోపలికి తొంగి చూశాను. వచ్చినవాళ్ళు పెరడంతా సిమెంటు చేసేశారు. నందివర్ధనం లేదు. స్కూటరు పెట్టుకున్నారు అక్కడ.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం చెబుతాను. వదిన మాతోనే ఉంటోంది. మోకాళ్ళు పట్టేశాయి, గుండె కూడా అంత బాగా లేదు. నర్సు కదా, తన సంగతి తనకు తెలుసు. మొన్న మధ్యాహ్నం నేను గదిలో బట్టలు మడత పెడుతుంటే నెమ్మదిగా గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. చేతిలో ఒక చిన్న మూట. తెల్లది. నా ఒళ్ళో పెట్టింది.

"ఇది అమ్మ సమాధి పక్కనుంచి తెచ్చిన మన్ను. మొన్న ఈస్టరుకి తీసీసాను. అమ్మకి చేసినట్టే నాకూ చెయ్యి. నువ్వు తప్ప ఇంకెవరూ నా పెట్టెకి గుడ్డ వెయ్యొద్దు. ఇది నా తల కింద పెట్టు. అమ్మ మట్టిలో అన్నయ్య మట్టి కూడా కలిసే ఉంటాది కదా ఇన్నేళ్ళకి. ముగ్గురం ఒక్క దగ్గరే ఉంటాం. బస్, అంతే."

తల ఊపాను. ఆమె గుమ్మం దాకా వెళ్ళి, ఊపిరి తీసుకోవడానికి ఆగి, వెనక్కి తిరిగింది.

"రెండు పొరల గుడ్డేసి కుట్టీసాను. కారదులే. నీ తెల్ల సాటిన్‌కి మరక అవ్వకూడదు కదా."

ఆమె వెళ్ళిపోయాక ఆ మూటను వెలుగులోకి తిప్పి చూశాను. సన్నటి కుట్టు. దగ్గర దగ్గరగా వేసింది. కళ్ళు సరిగా కనపడని మనిషి ఎన్ని మధ్యాహ్నాలు కూర్చుని కుట్టిందో. విదిలించి చూశాను. ఒక్క రేణువు రాలలేదు.

ఆమెకు తెలుసా? ఆ రోజు వసారాలో నేను మరక తుడుస్తున్నప్పుడు చూసిందా? బియ్యం డ్రమ్ము దగ్గర వంగినప్పుడే కవరు కనపడిందా? తెలిసే ఇన్ని ఈస్టర్లు రెండో కొవ్వొత్తి వెలిగించిందా? లేక వట్టి జాగ్రత్తకే అందా? మన్ను కారుతుంది, సాటిన్ తెల్లగా ఉంటుంది, ఎవరికైనా తోచే మాటే కదా. ఆమె మొహంలో ఏమీ కనపడలేదు. నేను ఆమె మొహంలోకి చూడలేదు కూడా.

అడగలేను. అడిగితే చెప్పాలి. తెలియని మనిషైతే, తల్లి తల కింద అన్నయ్య ఉన్నాడన్న నమ్మకం మీద ఇన్నేళ్ళు బతికిన మనిషి. ఇప్పుడు చెబితే అమ్మ తల కిందనుంచి ఆ మూటను ఇంకోసారి లాగేసినట్టే. అది కూడా ఆమె కళ్ళ ముందు, ఆమె గుండె ఇలా ఉన్నప్పుడు. చెప్పకపోతే, ఆమె తల కింద కూడా ఒక అబద్ధాన్నే కుట్టి పెడతాను. ఆ మన్నులో వాళ్ళ అన్నయ్య లేడు. ఎటు చూసినా నా చేతులే కనపడుతున్నాయి. ఆమె మంచి కోసం చెప్పడం లేదని అనుకుంటున్నానే, ఇది నా పిరికితనానికి నేను వేసుకుంటున్న గుడ్డ కాదు కదా? లోపలి చెక్క కనపడకుండా, మేకు తల కనపడకుండా. ఆ పని నాకు బాగా వచ్చు.

మూట నా బీరువాలో, చీరల కింద ఉంది. పక్కగదిలో వదిన దగ్గు వినపడుతోంది. కాసేపట్లో టీ ఇవ్వాలి.

అత్త ఏమీ వద్దంది, ఒక్క మూట తప్ప. నేను అన్నీ ఇచ్చాను, ఆ ఒక్క మూట తప్ప. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో ఉన్నది కాదు. క్షమించవలసిన ఒకామె మన్నులో ఉంది, ఒకామె పక్కగదిలో ఉంది. నాకు కావలసింది ఇదొక్కటే. ఆ సంగతిని గుంపగుత్తగా కాకుండా, విడిగా, దాని పేరు పెట్టి ఒక్కసారి చెప్పడం. చెబుతున్నాను. మా అత్త తల కింద ఆమె బిడ్డ మన్ను లేదు. కుచ్చిళ్ళు చెడిపోతాయని నేనే తీసేశాను. పెట్టాను అన్నాను. పెట్టలేదు.